నడిపేవాడి సీటు

మంగళవారం, భోజనాల గంటకు కాస్త ముందు, ఒత్తావియా క్రవేరో చేతిలో సూది విరిగింది.

పెద్ద చప్పుడేం కాలేదు. ఎండుపుల్ల విరిగినట్టు టిక్కుమంది, అంతే. పక్కన కుట్టుమిషన్లు గడగడలాడుతున్నాయి. గోడకవతల రేకుల షెడ్డులో సుత్తులు మోగుతున్నాయి. ఆ రొదలో ఎవరికీ వినపడలేదు గానీ ఆమె వేళ్ళకు తెలిసిపోయింది. సూదిని మెల్లగా వెనక్కి లాగి చూసింది. కొడవలిలా వంగిన సూది, కొస లేదు. బియ్యపుగింజంత ఉక్కుముక్క సీటు లోపలే ఉండిపోయింది.

వేలితో తోలును నొక్కింది. ఏమీ తగల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. లోపల గుర్రపు వెంట్రుకలు కూరిన మెత్త లొంగింది, వెంటనే మళ్ళీ పైకి లేచింది. అంత మెత్తగా రావాలనే కదా వారం రోజులుగా ఒళ్ళు హూనం చేసుకుంది.

అది నడిపేవాడి సీటు. గాల్వాన్యో కార్ఖానాలో ఏ కారుకైనా పక్క సీటు ఎవరైనా కుట్టొచ్చు, నడిపేవాడి సీటు మాత్రం ఒత్తావియాదే. ఎవరూ పెట్టిన నియమం కాదు, ఏళ్ళ తరబడి అలా జరిగిపోతూ వచ్చింది. కుట్టుగదికి పెద్దదిక్కయిన మదామా దెల్ఫీనా వసంతానికి పని మానేస్తోంది. ఆ కుర్చీలోకి వచ్చేది ఒత్తావియానే అని సాన్ పావోలో పేటలో రొట్టెలమ్మేవాడికి కూడా తెలుసు.

ఇక ఆ కారు మామూలు కారు కాదు. పొద్దున్న తురీనులో కాఫీ తాగి బయల్దేరితే, చొక్కా నలగకుండా రాత్రి భోజనానికి రోములో దిగేటట్టు, ఇద్దరి కోసం కట్టిన బండి. ఇంజనూ, చట్రమూ బయటినుంచి లారీలో వచ్చాయి. మిగతాదంతా ఇక్కడి చేతులే చేశాయి. ఎండాకాలమంతా రేకుల షెడ్డువాళ్ళు ఒక్కో అల్యూమినియం రేకునీ ఇసుకసంచి మీద వేసి కొట్టి కొట్టి వంపు తెచ్చారు. చక్రం మీద కప్పే కుడి రెక్క కొట్టినవాడు, ఎడమ రెక్క కొట్టినవాడు బావాబావమరుదులు. నీ రెక్క గొప్పా నా రెక్క గొప్పా అని తగువులాడుకుని, వాళ్ళిద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. అలాంటి బండి ప్రపంచంలో అప్పటికి ఒక్కటే. వచ్చే ఆదివారం తురీను కార్ల ప్రదర్శనలో దాన్ని నిలబెట్టాలి. జనానికి నచ్చితే నలుగురు డబ్బున్నవాళ్ళు మాకూ కట్టిపెట్టమంటారు. నచ్చకపోతే గాల్వాన్యోగారు మళ్ళీ పాలవ్యాన్లకు తలుపులు బిగించుకోవాలి. ఆ సంగతి అందరికీ తెలుసు, అందుకే నెల రోజులుగా కార్ఖానాలో ఎవరూ గట్టిగా నవ్వలేదు.

కుట్టుగదికి ఒక కట్టుబాటు ఉంది. గోడకు ఎర్ర ఉన్నిగుడ్డ ఒకటి వేలాడుతుంటుంది. పొద్దున్న ఎవరికి వాళ్ళు దాన్నుంచి ఒక వంకసూది తీసుకోవాలి, సాయంత్రం మళ్ళీ గుచ్చాలి. విరిగితే రెండు ముక్కలూ తెచ్చి దెల్ఫీనా అరచేతిలో పెట్టాలి. రెండో ముక్క దొరక్కపోతే ఆ రోజు కుట్టినదంతా విప్పాలి. సూది విరగడం తప్పు కాదు, ముక్క దాచడం తప్పు.

ఒత్తావియా సీటు వైపు చూసింది. విప్పడమంటే గుడ్డ విప్పినట్టు కాదు. తోలుకు ఒకసారి పడ్డ రంధ్రం మళ్ళీ పూడదు. దారం లాగేస్తే రంధ్రాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, అక్కడే రెండోసారి కుడితే తపాలాబిళ్ళ చింపినట్టు వరుసగా చిరిగిపోతుంది. కొత్త తోలు కోయాలి. ఎండిన ద్రాక్షతొక్క రంగు తోలు అది, గాల్వాన్యోగారు పట్టుబట్టి ప్రత్యేకంగా అద్దించింది. మిగిలింది తలుపుల లోపలివైపుకు దాచిన ముక్కలే.

గంట మోగింది. అందరూ టిఫిను డబ్బాలు పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళారు. ఒత్తావియా కూడా లేచింది. కాళ్ళు పొయ్యి వైపు వెళ్ళాల్సింది, మూలనున్న సానరాయి వైపు వెళ్ళాయి. చక్రం తిప్పి, విరిగిన కొసను దానికి ఆనించి, మళ్ళీ మొన తేల్చింది. చెయ్యి వణకలేదు. అదే తర్వాత ఆమెకు ఎక్కువ సిగ్గనిపించింది. సాయంత్రం అందరితోపాటు ఆ సూదిని ఎర్రగుడ్డకు గుచ్చి, చలికోటు వేసుకుని, ట్రామెక్కి ఇంటికి పోయింది. ఆ రాత్రి మొగుడు వండిన సెనగల పులుసు నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టుంది.

బుధవారం పొద్దున్న దెల్ఫీనా గుడ్డ ముందు నిలబడి ఉంది. ఎవరూ సూది తీసుకోకుండా అడ్డంగా నిలబడింది. ఆమె చేతిలో ఒకే ఒక సూది ఉంది.

"ఇదెవరిది?"

అందరూ మెడలు చాచి చూశారు.

"మిగతావాటి పక్కన పెట్టి చూడండి. పొట్టిదైంది. కొస కొత్త నాణెంలా మెరుస్తోంది" అంటూ దాన్ని అందరి మొహాల ముందూ తిప్పింది. "సూది దానంతటదే అరిగిపోదు. ఎవరో విరగ్గొట్టుకుని, రాయి మీద నూరి, నా గుడ్డకే గుచ్చారు. నా కళ్ళల్లో దుమ్ము కొడదామని."

 ఇప్పుడే చెప్పెయ్యి, ఇప్పుడైతే ఇంకా చిన్న తప్పే, అనుకుంది ఒత్తావియా. గౌను గుండీ తిప్పుకుంటూ నిలబడింది.

ఈలోగా జెమ్మా నోరు విప్పింది. జెమ్మా మిషను దగ్గర కూర్చునే మనిషి, ఆమె నోటికీ మిషనుకీ పెద్ద తేడా లేదు. "మేమంతా ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళం మదామా. ఎప్పుడన్నా ఇలాంటి దొంగపని జరిగిందా? గాడిదలకు జీనులు కుట్టిన చేతులు వచ్చాకే కదా ఈ తంటా. నిన్న సానరాయి దగ్గర నా కళ్ళతో నేను చూశాను, ఈ నాపులినే."

దక్షిణాదినుంచి వచ్చిన వాళ్ళందరినీ, ఊరేదైనా సరే, తురీనులో నాపులి అనే అంటారు. రొక్కీనా నిజానికి లుకానియా కొండల్లోంచి వచ్చింది. వేసవిలో పనిలో చేరింది. పాతికేళ్ళుంటాయి, మాట తక్కువ.

"కత్తెర నూరుకోవడానికి వెళ్ళాను" అంది రొక్కీనా. "గాడిదల జీనులు మా నాన్న కుట్టేవాడు. ఆయన చేతిలో సూది విరగడం నేను చూళ్ళేదు. నేనూ విరగ్గొట్టలేదు."

"కత్తెర నూరడానికి ఎవర్నడిగావు?"

"అడగాలని నాకెవరు చెప్పారు మదామా?"

ఆ జవాబుకు అందరూ దెల్ఫీనా మొహంకేసి చూశారు. దెల్ఫీనా చెడ్డమనిషి కాదు, కానీ ఎదురుమాట ఆమెకు గిట్టదు. ఆమె ఒత్తావియా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. రేపు ఈ గదికి పెద్దదానివి నువ్వే. ఏం చేద్దాం?"

అందరి కళ్ళూ ఒత్తావియా మీద పడ్డాయి, రొక్కీనావి కూడా. ఆ కళ్ళల్లో భయం లేదు, ఈమైనా న్యాయం చెబుతుందన్న ఆశ ఉంది. 

"ముందు... వెతకాలి" అంది ఒత్తావియా.

వెతికారు. ఎక్కడ వెతికారు? రొక్కీనా కుట్టిన చోట. వెనక సామాను పెట్టుకునే అర మీది గుడ్డ ఆమె కుట్టింది, దాన్ని ఊడదీశారు. నేల మీద పరిచే కంబళి అంచులు విప్పారు. ముక్క దొరకలేదు. ఎలా దొరుకుతుంది? సీట్ల జోలికి ఎవరూ పోలేదు. సీట్లు ఒత్తావియావి, వాటినెవరు అనుమానిస్తారు?

"నేల మీద పడి చెత్తలో పోయుంటుంది" అని దెల్ఫీనా ఊపిరి పీల్చుకుంది. "మన అదృష్టం. రొక్కీనా, నీ గౌను తీసుకుని రంగుల షెడ్డుకు పో. కారు వెళ్ళేదాకా అక్కడ రుద్దుడు పని చెయ్యి. ఉంచుకోవాలో పంపించాలో ఆ తర్వాత యజమాని మున్సూ గాల్వాన్యో చెబుతారు."

రొక్కీనా తన కత్తెర, వేలితొడుగు తీసి గౌను జేబులో పెట్టుకుంది. తలుపు దగ్గర ఆగి, "నేను కాదు" అని ఇంకోసారి అంది. ఎవరితో అన్నదో తెలియదు. ఒత్తావియా సీటు మీదికి ఒంగి, కుట్టాల్సిందేమీ లేకపోయినా కుడుతున్నట్టు నటించింది.

గురువారం ఆమె అందరికంటే ముందే వచ్చింది. సీట్లు అప్పటికే కారులో బిగించేశారు. నీలిబూడిద రంగు వేసిన ఆ బండి కిటికీ వెలుతురులో, ఇంకా నిద్రలేవని జంతువులా పొడుగ్గా పడుకునుంది. ఒత్తావియా తలుపు తీసి, నేల మీద మోకాళ్ళూని, గౌను చెయ్యి మోచేయి పైదాకా మడిచింది. బట్టకంటే చర్మానికే ముందు తెలుస్తుందని, ఉత్త ముంజేతిని సీటు మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. ఒక్కో మడతా, ఒక్కో అంచూ నొక్కుకుంటూ పోయింది. గుచ్చుకో, గుచ్చుకో దేవుడా, అని మనసులో అనుకుంటూనే ఉంది. ఏమీ గుచ్చుకోలేదు. ఉక్కుముక్క ఎక్కడో లోతున, తన సమయం కోసం కూర్చుంది. ఇవాళ కాకపోతే వెయ్యి మైళ్ళ తర్వాత, ఏదో గతుకులో పైకి వస్తుంది. ఎవరి వెన్నులోకి? ఏ మలుపులో ఉండగా?

"చూడండి, చూడండి! కన్నబిడ్డను నిమిరినట్టు ఎలా నిమురుతోందో!"

ఒత్తావియా ఉలిక్కిపడి లేచింది. గాల్వాన్యోగారు మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చారు. పొట్టి మనిషి, ఎప్పుడూ టోపీ తీయడు, నెల రోజుల్లో చిక్కి సగమయ్యాడు.

"ఇలాంటి చేతులుండబట్టే నేను రాత్రిళ్ళు కాస్తయినా నిద్రపోతున్నా ఒత్తావియా" అన్నాడు. ఆయన గొంతు నిజంగానే తడిగా ఉంది. "రేపు ఫోటోవాళ్ళు వస్తున్నారు. మా వాండాని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి తీయిస్తాను. నీ సీటు పత్రికల్లో పడుతుంది."

"వాండాగారా? మోడలు పిల్ల కదా వచ్చేది?"

"దానికి జ్వరమట. మా అమ్మాయైతే డబ్బు అడగదు" అని నవ్వి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఒత్తావియా తన డబ్బా వేడిచేసుకుని రంగుల షెడ్డుకు వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో ఆమెకే తెలియదు. నవంబరు పొగమంచు ముంగిట్లో మోకాలెత్తున నిలబడి ఉంది. షెడ్డులో గరుకుకాగితాన్ని నీళ్ళలో ముంచి ముంచి, రంగు పూతల్ని రుద్దాలి. నీళ్ళు వేడిచేస్తే పూత మెత్తబడుతుందని చల్లనీళ్ళే వాడతారు. రొక్కీనా బోర్లించిన తొట్టి మీద కూర్చుని, రొట్టెలో ఎండుమిరపకాయ పెట్టుకుని తింటోంది. ఆమె చేతులు ఉడకబెట్టిన పీతల్లా ఎర్రబడ్డాయి. వేళ్ళ మడతల దగ్గర చర్మం పగిలి నెత్తురు చారికలు కనిపిస్తున్నాయి.

"కాస్త పులుసు పోస్తాను, వేడిగా ఉంది."

"నాకెందుకు పెడుతున్నారు సిన్యోరా?"

"చలి కదా."

రొక్కీనా డబ్బా మూత అందుకుంది గానీ తాగలేదు, చేతులు వెచ్చబెట్టుకుంది. "మా ఇంటావిడ నాపులివాళ్ళకు గది ఇవ్వదు. గాల్వాన్యో దగ్గర తోలుపని అన్నానని ఇచ్చింది. పేరున్న కార్ఖానా కదా అని. ఇప్పుడు రుద్దుడు పని అని తెలిస్తే ఏదో వంక పెడుతుంది. పంపించేస్తే సరేసరి, ఆదివారానికల్లా నా పెట్టె మెట్ల మీదుంటుంది. తమ్ముణ్ణి కూడా రమ్మని ఉత్తరం రాశాను, వాడు బయల్దేరే ఉంటాడు."

 చెప్పడానికే వచ్చానని ఒత్తావియాకు అప్పుడు తెలిసింది. నోట్లోంచి మాత్రం ఇంకో మాట ఊడిపడింది.

"నిజంగా... నువ్వు కాదా?"

 రొక్కీనా పులుసు ముట్టకుండానే మూత తిరిగి ఇచ్చేసింది.

"మీరూ అదే అడుగుతున్నారా?" అని, లేచి కాగితాన్ని నీళ్ళలో ముంచింది.

ఆ మాట పట్టుకుని ఒత్తావియా ఆ సాయంత్రం ట్రాములో తన స్టాపు దాటిపోయింది. ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంది. 

శుక్రవారం కారును ముంగిట్లోకి తోసి, దాని వెనక తెల్లగుడ్డ కట్టారు. మంచు విరిగి పల్చటి ఎండ వచ్చింది. రేకుల షెడ్డువాళ్ళు, రంగులవాళ్ళు, కుట్టుగది ఆడవాళ్ళు అందరూ గోడవారగా చేరారు. బావ ఒక చివర, బావమరిది ఇంకో చివర నిలబడి, ఎవడి రెక్క వాడు చూసుకుంటున్నారు. రొక్కీనా షెడ్డు గుమ్మంలో తడిచేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది.

వాండా వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల, ఉల్లిపొరలాంటి పట్టుగౌను వేసుకుని చలికి ముడుచుకుపోతోంది. "నాన్నా, తొందరగా కానివ్వండి, గడ్డకట్టి చస్తాను" అని పళ్ళు టకటకలాడిస్తూ నవ్వింది. అందరూ నవ్వారు. ఫోటో తీసే అతను ఇటు తిరగమన్నాడు, అటు తిరగమన్నాడు. ఆమె తలుపు తీసింది. నడుం వంచి, గౌను సర్దుకుంటూ, ఒక కాలు లోపల పెట్టింది.

"ధబాలున కూలబడాలమ్మా, దర్జాగా! మీదే కారన్నట్టు!" అన్నాడు అతను.

"కూర్చోకండి!"

ఆ అరుపు ఎవరిదో ఒత్తావియాకే క్షణంపాటు తెలియలేదు. వాండా ఒంటికాలి మీద అలాగే ఆగిపోయింది. అందరి తలలూ తిరిగాయి.

"అందులో సూది ఉంది" అంది ఒత్తావియా. ఒకసారి మొదలయ్యాక మాటలు వాటంతటవే వచ్చేశాయి. "మంగళవారం నా చేతిలో విరిగింది. కొస సీట్లోనే ఉంది. మిగతాది నేనే నూరి గుడ్డకు గుచ్చాను. రొక్కీనాకేం తెలీదు. నేనే."

గాల్వాన్యోగారి మొహంలో రక్తం లేదు. ఆయన తిడతాడని అందరూ చూశారు. ఆయన తిట్టలేదు. కూతురి చెయ్యి పట్టుకుని కారునుంచి దూరంగా లాగి, తన కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు. "విప్పండి" అని మాత్రం అన్నాడు.

సీటు ఊడదీసి బల్ల మీద పడేశారు. దెల్ఫీనా స్వయంగా బ్లేడు పట్టుకుని కుట్లు కోసింది. ఒత్తావియా వారం రోజుల పని, పర్రుపర్రుమని తెగి, గొట్టాల్లాంటి మడతలు ఒక్కొక్కటే నోరు వెళ్ళబెట్టాయి. లేతు షెడ్డునుంచి గుర్రపునాడా అయస్కాంతం తెచ్చి, వెంట్రుకల మీద అటూ ఇటూ తిప్పారు. ఏమీ అంటుకోలేదు. ఇంకోసారి తిప్పారు. అప్పుడూ లేదు.

"ఉందని అబద్ధం చెప్పలేదు కదా?" అంది జెమ్మా. 

"వెంట్రుకలు మళ్ళీ కూరి రేపు మధ్యాహ్నానికి కుట్టాలి" అంది దెల్ఫీనా. ఆమె ఒత్తావియా మొహం చూడకుండానే మాట్లాడుతోంది. "తోలు తలుపులది తీసుకుందాం. తలుపులకు బూడిదరంగు ఉన్నిగుడ్డేదో వేద్దాం. కానీ కూరడం వచ్చిన చేతులు ఇక్కడ రెండు జతలే. ఒకటి ఈమెది. రెండోది..." అని ఆగి, గొంతు తగ్గించి, "రొక్కీనాని పిలవండి" అంది.

రొక్కీనా వచ్చింది. ఎవరూ క్షమించమనలేదు. గదిలో ఆడవాళ్ళందరూ ఉన్నట్టుండి తమ తమ దారాల్లో మహా తలమునకలయ్యారు. ఆమె పొయ్యి దగ్గర చేతులు ఆరబెట్టుకుని, బల్ల ముందు కూర్చుని, అయస్కాంతాన్ని పక్కకు నెట్టేసింది. వెంట్రుకల ముద్దను ఒళ్ళో పెట్టుకుని, కొద్దికొద్దిగా గిల్లి, వేళ్ళతో విడదీయడం మొదలుపెట్టింది. ఆ పగిలిన వేళ్ళతోనే. ఎదురుగా ఒత్తావియా విడదీసిన వాటిని బుట్టలోకి సర్దుతోంది. 

వెంట్రుకలన్నీ అయిపోయాయి. వాటి అడుగున పరిచే గోనెపట్టా మిగిలింది. రొక్కీనా దాని పోగుల వెంట బొటనవేలు నడిపించుకుంటూ పోయి, ఒక ముడి దగ్గర "స్స్" అంది.

వేలు పైకెత్తింది. ముడిలో ఇరుక్కున్న ఉక్కుముక్క బొటనవేల్లోకి సగందాకా దిగింది. ఒత్తావియా లేచి ఆ చెయ్యి పట్టుకోబోయింది. రొక్కీనా చెయ్యి వెనక్కి లాక్కుని, పళ్ళతో కొస పట్టి పీకి, నెత్తుటితో సహా ఒత్తావియా అరచేతిలో ఉమ్మింది.

"ఇదిగో. నీది" అంది.

అప్పటిదాకా తనను 'మీరు' అన్న మనిషి. ఒత్తావియా గుప్పిట మూసుకుని నిలబడిపోయింది. ఏడుపు ముంచుకొచ్చింది గానీ, ఏడ్చే హక్కు కూడా తనది కాదనిపించి మింగేసుకుంది.

శనివారం పొద్దున్న ఇద్దరూ ఒకే కుట్టు మీద కూర్చున్నారు. సీటు చుట్టూ తిరిగే పెద్ద కుట్టది. ఒక్కరే కుడితే సాయంత్రమవుతుంది. అందుకని చెరో కొసనుంచి మొదలుపెట్టి మధ్యలో కలవాలి. చూసేవాడికి ఒక్క చెయ్యే కుట్టినట్టుండాలి. దానికి బిగువు కలవాలి, ఒకరు లాగినంతే ఇంకొకరు లాగాలి. రొక్కీనా బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంది, తోలుకు మరక అంటకుండా ఆ వేలిని ఎత్తిపట్టి కుడుతోంది. కుట్టే కొద్దీ ఇద్దరి తలలూ దగ్గరవుతున్నాయి. ఆమె ఊపిరి ఒత్తావియా ముంజేతికి తగులుతోంది.

"రొక్కీనా, నేను ఆ రోజే చెప్పుండాల్సింది. నాకు..."

"లాగు. దారం వదులైంది."

ఒత్తావియా లాగింది.

కారు మధ్యాహ్నం వెళ్ళింది. గాల్వాన్యోగారు తానే స్టీరింగు ముందు కూర్చుని, ఎవరి వంకా చూడకుండా గేటు దాటించారు. ఎప్పటిలాగే అందరూ చప్పట్లు కొట్టారు, ఎప్పటికంటే మెల్లగా కొట్టారు. ఎర్రటి వెనకదీపాలు మంచులో కలిసిపోయాక, దెల్ఫీనా ఒత్తావియా దగ్గరికి వచ్చింది.

"సోమవారంనుంచి నువ్వు రంగుల షెడ్డులో. నిన్ను పంపించెయ్యమన్నారు, నేను బతిమాలితే ఇదైనా దక్కింది. నా కుర్చీ సంగతి ఇక మర్చిపో." వెళ్ళబోయి వెనక్కి తిరిగి, "నా దగ్గరికి వచ్చి ఒక్క మాట చెబితే నేను నిన్ను కొరికేదాన్నా?" అంది. ఆ ముసలామె కళ్ళు చెమర్చాయి. 

సోమవారం పొద్దున్నకల్లా పేపర్లొచ్చాయి. కొత్త బండి ముందు జనం నిలబడి కదలలేదని రాశారు. ఒక పత్రికవాడైతే తలుపుల లోపలివైపు తోలు మానేసి బూడిదరంగు ఉన్ని వాడటం గాల్వాన్యో సాహసమనీ, అభిరుచి అంటే అదనీ వేనోళ్ళ పొగిడాడు. ఒక మిలాను వ్యాపారి, ఒక స్విట్జర్లాండు దొర తమకూ అచ్చం అలాంటిదే, ఆ ఉన్నితో సహా కావాలన్నారట. ఆ తర్వాత కట్టిన కొద్దిపాటి బళ్ళన్నిటికీ తలుపుల లోపల అదే గుడ్డ వేశారు. జెమ్మా ఆ పేపరు పట్టుకుని షెడ్డు షెడ్డుకూ తిరిగి చదివి వినిపించింది. రంగుల షెడ్డు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించింది, ఒత్తావియాను చూసి పేపరు మడిచేసి వెళ్ళిపోయింది.

ఒత్తావియా తొట్టిలో చెయ్యి పెట్టింది. చలి మోచేతిదాకా కొరికింది. కాగితం తడిపి రుద్దింది, మళ్ళీ తడిపింది. మధ్యాహ్నం గంట మోగేసరికి వేళ్ళు తనవి కావన్నట్టున్నాయి, డబ్బా మూత తిప్పడం కూడా చేతకాలేదు. పొయ్యి దగ్గరికి వెళ్తే అందరి మధ్యా కూర్చోవాలి. అందుకని ఆ బోర్లించిన తొట్టి మీదే, చల్లారిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ముంగిట్లో అడుగుల చప్పుడైంది. రొక్కీనా వచ్చి గుమ్మంలో నిలబడింది. తోలుపని గౌను మళ్ళీ ఒంటి మీదికొచ్చింది, బొటనవేలికి గుడ్డ ఇంకా అలాగే ఉంది. ఆమె లోపలికొచ్చి, ఒత్తావియా చేతులకేసి చూసి, జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసింది. మూత తీస్తే లోపల తెల్లగా పందికొవ్వు.

"ఇది పొద్దున్నే రాసుకోవాలి, నీళ్ళలో చెయ్యి పెట్టకముందు. పగిలాక రాస్తే లాభం లేదు. నాకెవరూ చెప్పలేదు" అంది.

"మీ తమ్ముడొచ్చాడా?"

"వచ్చాడు. గది ఉంది."

ఒత్తావియా తలూపింది. అడక్కూడదనుకుంటూనే, ఉండబట్టలేక అడిగేసింది. "నన్ను క్షమించావా?"

"లేదు" అంది రొక్కీనా. డబ్బాలోంచి రెండు వేళ్ళతో కొవ్వు తీసింది. "చెయ్యి ఇలా పెట్టు."

ఒత్తావియా తడిచేతులు గౌనుకు తుడుచుకుని ముందుకు చాపింది.